సైడర్‌కి తక్కువైంది చక్కెర కాదు

పెరట్లో యాపిల్ చెట్టు విరగకాసిన ఏడాది సైడర్ చేద్దామని ఎవరికైనా మనసు పుడుతుంది. ఆ వెంటనే చెయ్యి చక్కెర డబ్బా మీదికి పోతుంది. ఇంట్లో సైడర్ చేసే పద్ధతులు చాలావాటిలో 5 లీటర్ల రసానికి అరకిలో, కొన్నిటిలో కిలో చక్కెర పొయ్యమని రాసి ఉంటుంది. నా తగువంతా ఆ అరకిలోతోనే. పులియబెట్టే ముందు పోసే చక్కెర చాలాసార్లు దండగ. పులిశాక తీపి కోసం కలిపే చక్కెర ప్రమాదం. సీసాల్లో నింపేటప్పుడు వేసేది మాత్రం అవసరమే, అదీ గ్రాముల్లో తూచి. ఈ మూడింటి తేడా తెలియకనే ఇంటి సైడర్ అంటే ఘాటుగా, నీళ్ళనీళ్ళగా ఉంటుందనీ, సీసాలు పేలతాయనీ పేరు పడిపోయింది.

ముందు మాట తేల్చుకుందాం. సైడర్ అంటే ఇక్కడ పులిసిన యాపిల్ రసం. అమెరికాలో ఆ మాటకి వడకట్టని పచ్చి రసం అని అర్థం, పులిసినదాన్ని హార్డ్ సైడర్ అంటారు. మనలో చాలామందికి ఈ పేరు వెనిగర్ సీసా మీద కనిపించి పరిచయం. ఆ వెనిగర్, సైడర్‌కి గాలి తగిలి ఇంకో మెట్టు దిగితే వచ్చేది. ఇంట్లో ఆల్కహాల్ తయారీకి కొన్ని దేశాల్లో అనుమతే అక్కర్లేదు, కొన్నిచోట్ల ఇన్ని లీటర్లని హద్దు ఉంది, కొన్నిచోట్ల అది నేరం. మీరున్న చోటి చట్టం చూసుకున్నాకే చెట్టు దులపండి.

ఇక లెక్క. బాగా పండిన యాపిల్ రసంలో లీటరుకి 100 నుంచి 130 గ్రాముల చక్కెర దానంతటదే ఉంటుంది. సగానికి పైగా ఫ్రక్టోజ్, మిగిలింది సుక్రోజ్, గ్లూకోజ్. హైడ్రోమీటర్ (నీటితో పోల్చి సాంద్రత కొలిచే గాజు పరికరం) వేసి చూస్తే సాంద్రత సాధారణంగా 1.045కీ 1.055కీ మధ్య ఉంటుంది. ఈ మూడు చక్కెరల్నీ ఈస్ట్ మిగల్చకుండా తినేస్తుంది కాబట్టి చివరికి ఆ అంకె 1.000కి, ఒక్కోసారి 0.998కి దిగుతుంది. మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 131తో హెచ్చిస్తే ఆల్కహాల్ శాతం. 1.050 రసం 1.000కి దిగితే 6.5 శాతం. ఇది తక్కువేమీ కాదు. ఇదే రసం 5 లీటర్లకి అరకిలో చక్కెర కలిపితే ఆల్కహాల్ 11 శాతం దాటుతుంది. అంటే వైన్ బలం, యాపిల్ ఒళ్ళు.

చిక్కు అక్కడే. ఎర్ర వైన్ 12 శాతం ఆల్కహాల్‌ని మోస్తుందంటే దాని వెనక ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి దిగిన వగరు ఉంది. యాపిల్ రసంలోని పులుపూ, వగరూ, వాసనా 6 శాతానికి సరిపోయేలా ఉంటాయి. చక్కెర పోస్తే పెరిగేది ఆల్కహాల్ ఒక్కటే, మిగతావన్నీ ఉన్నచోటే ఉండిపోతాయి. అప్పుడు గొంతులో మంట, నాలుక మీద నీళ్ళు. పైగా యాపిల్ రసంలో ఈస్ట్‌కి కావలసిన నత్రజని అసలే తక్కువ. ఎరువు ముఖం చూడని పెరటి చెట్టు కాయల్లో మరీ తక్కువ. అదే తిండితో రెట్టింపు చక్కెర తినమంటే ఈస్ట్ సతమతమై కుళ్ళిన గుడ్డు వాసన వదులుతుంది, లేదా మధ్యలోనే చేతులెత్తేస్తుంది.

చక్కెర పొయ్యక తప్పని సందర్భం ఒకటుంది. వానలు ఎక్కువై, ఎండ చాలక, రసం సాంద్రత 1.040 కిందికి పడిపోతే ఆల్కహాల్ 5 శాతం దాటడం కష్టం. అలాంటి సైడర్ నిలవ ఉండదు. అప్పుడు 1.045 దాకా లేపడానికి లీటరుకి సుమారు 13 గ్రాముల చక్కెర చాలు. గ్రాములు, కిలోలు కావు. హైడ్రోమీటర్ చేతిలో లేకుండా ఈ పని చెయ్యడం కళ్ళు మూసుకుని తూకం వెయ్యడమే.

వగరు సంగతి

మరి పెరటి యాపిల్‌లో తక్కువైంది ఏమిటి? ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గర లాంగ్ ఆష్టన్‌లో 1903లో మొదలైన పరిశోధన సంస్థ సైడర్ కాయల్ని నాలుగు జాతులుగా విడదీసింది. ఆ విభజనలో చక్కెర ఊసే లేదు. రెండే కొలతలు: పులుపు 0.45 శాతానికి పైనా, కిందా, వగరు 0.2 శాతానికి పైనా, కిందా. రెండూ ఎక్కువున్నది వగరు-పులుపు కాయ, కింగ్‌స్టన్ బ్లాక్ లాంటిది. వగరు ఉండి పులుపు లేనిది వగరు-తీపి కాయ, డాబినెట్, యార్లింగ్టన్ మిల్ లాంటివి. పులుపు ఒక్కటే ఉన్నది పుల్ల కాయ, వంటకి వాడే బ్రామ్లీ లాంటిది. రెండూ తక్కువైతే తీపి కాయ. సైడర్ తోటలు వేసేవాళ్ళు ఈ నాలుగింటినీ పాళ్ళు చూసి కలుపుతారు.

పెరట్లో సాధారణంగా ఉండేవి తినే కాయలు. వాటిలో వగరు ఉండదు, ఉంటే కొరికినప్పుడు ఎవరూ ఇష్టపడరు. గాలా, ఫుజీ, రెడ్ డెలీషియస్ లాంటివైతే పులుపు కూడా తక్కువే. వీటి రసం తాగడానికి అమృతంలా ఉంటుంది కానీ తీపంతా ఈస్ట్ తినేశాక ఏం మిగులుతుందో ఒక్కసారి ఊహించుకోండి. అందుకే తీపి కాయలున్నవాళ్ళు వాటికి పుల్లకాయలు జతచెయ్యాలి. క్రాబ్ యాపిల్ అనే చిట్టి కాయలు దొరికితే మొత్తం బరువులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా కలపండి. పులుపూ వగరూ రెండూ వాటిలో దండిగా ఉంటాయి. ఒకటే చెట్టు ఉన్నవాళ్ళు కాయలు ఇచ్చిపుచ్చుకునే మనుషుల్ని వెతుక్కోవాలి. ఒక్క రకంతో మంచి సైడర్ రావడం అరుదు. చిక్కటి బ్లాక్ టీ పోసి వగరు తెప్పించడం ఉంది, ద్రాక్ష టానిన్ పొడి లీటరుకి పావు గ్రాము వెయ్యడమూ ఉంది. రెండూ పనిచేస్తాయి, కానీ పండు లోపలి వగరుకి ఉండే నిండుతనం వాటికి రాదు.

పులుపుకి నాలుకా, పీహెచ్ మీటరూ రెండూ కావాలి. రుచికి లీటరుకి 4.5 నుంచి 7 గ్రాముల మాలిక్ ఆమ్లం (యాపిల్‌కి పులుపునిచ్చేది) బాగుంటుంది. భద్రతకి పీహెచ్ 3.2 నుంచి 3.8 మధ్య ఉండాలి. 3.8 దాటితే చెడ్డ బాక్టీరియాకి తలుపు తీసినట్టే. పుల్లకాయల రసం కలిపో, లీటరుకి 1 గ్రాము చొప్పున మాలిక్ ఆమ్లం వేస్తూనో దించుకోవాలి. మీటరు లేకపోతే పీహెచ్ కాగితం పనికొస్తుంది గానీ రసం గోధుమ రంగు కాగితం రంగుని కాస్త ఏమారుస్తుంది.

చెట్టు ఇవ్వాల్సిన చక్కెర

చక్కెర కొనకుండా రసాన్ని తియ్యగా చేసే మార్గం ఒకటుంది, ఓపిక పట్టలేక దాన్ని దాటేస్తారు. దోరకాయలో చక్కెర కొంత పిండి రూపంలోనే దాగి ఉంటుంది. ఈస్ట్ పిండిని తినలేదు. ఆ పిండి రసంలోకి దిగితే సైడర్ మబ్బుగా ఉండిపోతుంది కూడా. కాయని అడ్డంగా కోసి టించర్ అయొడిన్ చుక్కలు వెయ్యండి. నల్లబడితే పిండి ఉన్నట్టు, గింజల చుట్టూ కూడా రంగు మారకపోతే పండినట్టు. ఆ ముక్క మాత్రం పారెయ్యాలి. చెట్టు నుంచి దింపిన కాయల్ని చల్లగా, గాలి ఆడేచోట, నేలకి తగలకుండా ఒకటి నుంచి మూడు వారాలు మాగబెడితే పిండి చక్కెరగా మారుతుంది, కొంత నీరు ఆవిరై రసం చిక్కబడుతుంది. బొటనవేలితో నొక్కితే కొద్దిగా సొట్ట పడాలి. అంతకు మించి మెత్తబడితే పిప్పి జారుడుగా తయారై రసం దిగదు.

రాలిన కాయలు వాడొచ్చా అనేది పెద్ద చర్చ. దెబ్బ తగిలి గోధుమ రంగుకి తిరిగిన కాయకి ఢోకా లేదు. పురుగు తొలిచిన చోటు చెక్కేస్తే సరిపోతుంది. బూజు పట్టినవీ, చివికినవీ మాత్రం ఒక్కటి కూడా పోనివ్వకండి. యాపిల్ మీద పెరిగే నీలిబూజు పాట్యులిన్ అనే విషాన్ని చేస్తుంది. పులియడంలో అది చాలావరకు విరుగుతుంది గానీ దాన్ని నమ్ముకుని కుళ్ళు కలపడం తెలివి కాదు. పశువులు తిరిగే నేల మీద పడిన కాయలైతే అసలు ఏరొద్దు. పేడలోంచి వచ్చే ఇ.కోలై అనే బాక్టీరియా రకాలు కొన్ని పుల్లటి రసంలోనూ బతుకుతాయి, పచ్చి రసం తాగి జబ్బుపడిన సంఘటనలు ఉన్నాయి. మిగతా కాయల్ని తొట్టి నిండా నీళ్ళలో వేసి కడగండి. కుళ్ళినవి కొన్ని మునిగిపోతాయి కాబట్టి తేలినవి పైనుంచి తీసుకోవడం ఓ చిన్న లాభం.

యాపిల్‌ని ఎంత బలంగా నొక్కినా ముక్కల్లోంచి రసం రాదు. ముందు చితగ్గొట్టి గుజ్జు చెయ్యాలి. గుజ్జులో పలుకులు ఉప్పు కల్లు అంత ఉండాలి. మిక్సీలో వేసి చట్నీలా తిప్పేస్తే గుడ్డ కన్నాలు మూసుకుపోయి పిండడం నరకం. పైగా గింజలు నలిగి చేదు దిగుతుంది. మిక్సీ తప్పనిసరైతే గింజల బొడ్డు తీసేసి ఆపి ఆపి తిప్పండి. ప్రెస్ లేనివాళ్ళకి ఓ కిటుకు: కాయల్ని ముక్కలు కోసి గడ్డకట్టించి, పూర్తిగా కరిగాక నైలాన్ గుడ్డలో వేసి పిండితే మంచు గడ్డలు కణాల్ని చీల్చి ఉంటాయి కాబట్టి రసం తేలిగ్గా కారుతుంది. ప్రెస్ ఉంటే 10 కిలోలకి 5 నుంచి 6 లీటర్లు, చేతి పిండుడైతే అంతకంటే తక్కువ. ప్రెస్‌ని ఒక్కసారిగా బిగించకండి. కొంచెం బిగించి, కారడం ఆగాక మళ్ళీ బిగించాలి. పనిముట్లు స్టీలువో, చెక్కవో, ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్‌వో అయ్యుండాలి. ఇనుము తగిలితే అది వగరుతో కలిసి సైడర్‌ని నల్లగా చేస్తుంది. రసం నిమిషాల్లో గోధుమ రంగుకి తిరిగితే కంగారు వద్దు, పులిసేటప్పుడు సగం రంగు పోతుంది. రసాన్ని కాచడం మాత్రం వద్దు. పెక్టిన్ (పండులోని జిగురు పదార్థం) కదిలి ఇక ఎప్పటికీ తేటపడదు, వాసన కూడా ఉడికిన యాపిల్‌దే మిగులుతుంది.

ఈస్ట్ వేసే లోపు

పిండిన రసంలో రకరకాల అడవి ఈస్ట్‌లు, బాక్టీరియా సిద్ధంగా ఉంటాయి. వాటిని అణచడానికి వేసేది సోడియం లేదా పొటాషియం మెటాబైసల్ఫైట్. క్యాంప్‌డెన్ బిళ్ళ అని అమ్మే దానిలో ఇది సుమారు 0.44 గ్రాములు ఉంటుంది. ఒక బిళ్ళ 4.5 లీటర్లలో 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) సల్ఫర్ డయాక్సైడ్ ఇస్తుంది. అందరూ చేసే తప్పు పీహెచ్ చూడకుండా ఒక్కటే వెయ్యడం. పీహెచ్ పెరిగేకొద్దీ దాని పదును తగ్గుతుంది. 3.3 లోపు ఒకటో ఒకటిన్నరో, 3.3 నుంచి 3.5 వరకు రెండు, 3.5 నుంచి 3.8 వరకు మూడు. 3.8 పైన ఎన్ని వేసినా వృథా, ముందు పులుపు సరిచెయ్యాలి. బిళ్ళని నలిపి కొంచెం రసంలో కరిగించి కలపండి. ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి సల్ఫైట్ పడదు, వాళ్ళు తాగేదైతే ఆలోచించుకోండి. ఇదే సమయంలో పెక్టిన్‌ని విరిచే పెక్టినేజ్ ఎంజైమ్ పొడి కూడా వేసెయ్యాలి, మోతాదు పొట్లం మీద ఉంటుంది. ఆల్కహాల్ పుట్టకముందే ఇది బాగా పనిచేస్తుంది. ఇరవైనాలుగు గంటలు ఆగి అప్పుడు ఈస్ట్ వెయ్యాలి. ఆగకపోతే సల్ఫైట్ మీ ఈస్ట్‌ని కూడా చావగొడుతుంది.

ఈస్ట్ విషయంలో, బ్రెడ్డుకి వాడేది కూడా పులియబెడుతుంది. కానీ అది అడుగున గట్టిగా కూర్చోదు, కదిపితే లేస్తుంది, బ్రెడ్డు వాసన మిగులుస్తుంది. షాంపేన్ ఈస్ట్ 5 గ్రాముల పొట్లం 20 లీటర్లకి చాలు. 35 నుంచి 40 డిగ్రీల గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నానబెట్టి పొయ్యండి. కొందరు ఏ ఈస్టూ వెయ్యకుండా కాయ మీద ఉన్నదానికే వదిలేస్తారు. అందులో మొదట సన్నటి అడవి ఈస్ట్‌లు పని మొదలుపెట్టి, ఆల్కహాల్ కొన్ని శాతాలకి చేరేసరికి చచ్చిపోతే, తర్వాత ఆల్కహాల్‌ని తట్టుకునే సాక్రోమైసిస్ అనే ఈస్ట్ అందుకుంటుంది. బాగా కుదిరితే ఆ వాసన షాంపేన్ ఈస్ట్ ఎప్పుడూ ఇవ్వలేదు. కుదరకపోతే 20 లీటర్లు పారబోసుకోవాలి. ఏడాదికి ఒకే కాపు చేతికొచ్చేవాళ్ళకి ఆ జూదం నేను సిఫారసు చెయ్యను. కావాలంటే ఓ చిన్న జాడీలో విడిగా పెట్టి చూడండి.

కొన్న రసంతో ప్రయోగం చేద్దామనుకునేవాళ్ళు డబ్బా మీద సన్నక్షరాలు చదవాలి. సోర్బేట్, బెంజోయేట్ అనే నిలవ మందులు ఉంటే ఈస్ట్ కదలదు. పాశ్చరైజ్ చేసినదైతే ఫర్వాలేదు.

జాడీని మొదట్లో పదో వంతు ఖాళీగా ఉంచండి, గోధుమ రంగు నురుగు పొంగుతుంది. నోటికి ఎయిర్‌లాక్ (లోపలి గాలిని వదిలి, బయటి గాలిని రానివ్వని మూత) పెట్టాలి. గట్టిగా బిరడా బిగించారో, బాంబు తయారుచేసినట్టే: ఒక్క లీటరు రసంలోంచి పాతిక లీటర్ల పైన కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. వేడి 12 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటే బాగు. 25 దాటితే వారంలో ముగుస్తుంది, వాసనంతా ఆ గాలితోనే ఎగిరిపోతుంది. వేడి ప్రాంతంలో ఉన్నవాళ్ళు జాడీని నీళ్ళ తొట్టిలో నిలబెట్టి చుట్టూ తడిగుడ్డ కప్పితే కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. రెండో రోజో మూడో రోజో కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ఈస్ట్ ఆకలితో ఉందని అర్థం. డైఅమోనియం ఫాస్ఫేట్ అనే ఈస్ట్ పోషకం లీటరుకి పావు గ్రాము వేసి కలపండి, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. చివరి దశలో ఆ వాసన వస్తే మాత్రం పోషకం వెయ్యొద్దు, మడ్డి మీంచి వేరే జాడీలోకి తేర్చండి.

ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయి కాబట్టి అయిపోయిందనుకోవడం అన్ని ప్రమాదాలకీ మొదలు. బిరడా దగ్గర సందు ఉంటే బుడగలు రావు, గది వేడెక్కితే ఊరికే వస్తాయి. హైడ్రోమీటర్ ఒక్కటే సాక్షి. రెండు వారాల తేడాతో రెండుసార్లు చూసినా 1.000 దగ్గర అదే అంకె ఉంటే అప్పుడు అయిపోయినట్టు. 1.020 దగ్గరే ఆగితే అది అవ్వడం కాదు, ఇరుక్కోవడం. వెచ్చటి చోటికి మార్చి, మడ్డి మెల్లగా కదిపి చూడండి.

సాంద్రత 1.005కి దిగాక, సన్న గొట్టంతో, చప్పుడు కాకుండా, మడ్డి వదిలేసి తేట భాగాన్ని వేరే జాడీలోకి దించాలి. ఇక్కణ్ణుంచి గాలి శత్రువు. జాడీ మెడ దాకా నిండి ఉండాలి. తక్కువైతే ఇంకొంచెం సైడర్ పొయ్యండి, లేకపోతే మరిగించి చల్లార్చిన గాజు గోలీలు వేసైనా మట్టం పెంచండి. ఖాళీ వదిలితే పైన తెల్లటి పొర కడుతుంది, తర్వాత వెనిగర్ బాక్టీరియా దిగుతుంది. పొరని తీసేసి సల్ఫైట్ వేసి నింపితే సైడర్ దక్కుతుంది. వెనిగర్ మొదలైతే ఇక దాన్ని వెనిగర్‌గానే వాడుకోవాలి.

రెండోసారి చక్కెర డబ్బా దగ్గరికి

ఇప్పుడు రుచి చూస్తారు. మొహం వంకరపోతుంది. ఇంత పులుపా అనిపిస్తుంది. నిజానికి పులుపు కొత్తగా రాలేదు, మొదటి రోజునుంచీ ఉంది. తీపి దాన్ని కప్పింది. ఈ క్షణంలోనే చాలామంది జాడీలో చక్కెర పోస్తారు. ఈస్ట్ ఇంకా బతికే ఉంది, దానికిది విందు. నాలుగు రోజుల్లో తీపి మాయమై, ఆల్కహాల్ ఇంకొంచెం పెరిగి, పులుపు ఎప్పటిలాగే ఉంటుంది. ఈలోగా సీసాల్లో నింపేసి ఉంటే సంగతి ఇంకోలా ఉంటుంది, దాని దగ్గరికి వస్తున్నాను.

చెయ్యాల్సింది ఆగడం. మూడు నుంచి ఆరు నెలలు చల్లగా మాగితే పదును తగ్గుతుంది. 15 డిగ్రీలు దాటితే లాక్టిక్ బాక్టీరియా మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చే అవకాశం ఉంది. మాలిక్ కంటే లాక్టిక్ మెత్తని పులుపు. చలికాలం నిద్రపోయిన జాడీలో ఎండలు రాగానే బుడగలు లేస్తాయే, అది తరచుగా ఇదే. పుల్లటి సైడర్‌కి ఇది వరం. అసలే పులుపు తక్కువున్నదానికి శాపం, అలాంటిదానికి రెండోసారి తేర్చేటప్పుడు 50 పీపీఎం సల్ఫైట్ వేసి అడ్డుకోండి.

ఆగినా పులుపే అంటే తీపి కాయలతో చేసిన, పులుపు తక్కువున్న సైడర్ కలపాలి. అదీ లేకపోతే ఈస్ట్ తినలేని సుక్రలోజ్, ఎరిత్రిటాల్ లాంటివి ఉన్నాయి. జైలిటాల్ కూడా పనిచేస్తుంది గానీ కుక్కలకి విషం. పొటాషియం సోర్బేట్ వేసి చక్కెర కలపొచ్చంటారు. అది పూర్తిగా తేటపడిన సైడర్‌లో, సల్ఫైట్‌తో జతగా వేస్తేనే పనిచేస్తుంది. ఎందుకంటే అది ఈస్ట్‌ని చంపదు, పిల్లలు పెట్టకుండా ఆపుతుంది. సల్ఫైట్ లేకుండా వేస్తే లాక్టిక్ బాక్టీరియా దాన్ని విరిచి జెరేనియం ఆకు వాసన తెస్తుంది, అది ఇక పోదు. ఫ్రాన్స్‌లోని నార్మండీలో సహజంగా తియ్యగా ఉండే సైడర్ చేస్తారు కదా అంటారు. అక్కడ వాళ్ళు చక్కెర కలపరు. పులియకముందే పెక్టిన్‌ని జెల్లీలా పైకి తేల్చి, దానితోపాటు ఈస్ట్ తిండిని లాగేసి, ఆకలికి ఈస్ట్ ముందే ఆగిపోయేలా చేస్తారు. కీవింగ్ అంటారు. నత్రజని తక్కువున్న ముదురు చెట్ల వగరు-తీపి కాయలూ, చలీ ఉంటేనే కుదిరే పని.

సైడర్ మబ్బుగానే ఉండిపోతే ఒక వంతు సైడర్‌కి మూడు వంతులు స్పిరిట్ కలిపి చూడండి. తీగలు, గడ్డలు కడితే అది పెక్టిన్, ఎంజైమ్ మళ్ళీ వెయ్యాలి. ఆ కలిపింది తాగేది కాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. నూనెలా సాగుతూ పోతే అది లాక్టిక్ బాక్టీరియా పని, 100 పీపీఎం సల్ఫైట్ వేసి గట్టిగా చిలికితే సాగుడు పోతుంది. మింగాక కాసేపటికి ఎలుక బోను వాసన గుర్తొస్తే దానికి మందు లేదు. మిథనాల్ భయం కూడా కొందరికి ఉంటుంది. పెక్టిన్ విరిగేటప్పుడు కాస్త పుడుతుంది, మామూలు సైడర్‌లో అది హాని చేసేంత ఉండదు. సైడర్‌ని బట్టీ పెట్టి సారా దించడం, గడ్డకట్టించి చిక్కబరచడం వేరే సంగతి. అవి చాలాచోట్ల నేరం కూడా.

మూడోది, తూచి

సీసాలో నురగ కావాలంటే మాత్రం చక్కెర వెయ్యాల్సిందే. లీటరుకి 4 గ్రాముల చక్కెర పులిస్తే సైడర్‌లో దాని ఘనపరిమాణమంత కార్బన్ డయాక్సైడ్ గాలి చేరుతుంది. పులిసిన సైడర్‌లో మిగిలి ఉన్నది ముప్పావు వంతు పైన ఉంటుంది. లీటరుకి 6 గ్రాములు వేస్తే మొత్తం రెండుంపావు, రెండున్నర మధ్య తేలుతుంది. బీరంత నురగ. 750 మిల్లీలీటర్ల సీసాకి 4.5 గ్రాములు. చెంచాతో సీసా సీసాకీ వెయ్యకుండా, మొత్తానికి తూచి, మరిగించిన కొద్ది నీళ్ళలో కరిగించి, చల్లారాక పెద్ద పాత్రలో కలిపి అప్పుడు నింపండి.

ఇప్పుడు తొందరపడ్డవాడి లెక్క. 1.010 దగ్గర ఉండగానే బుడగలు ఆగాయని సీసాల్లో పోశాడనుకుందాం. ఆ పది అంకెల్లో లీటరుకి 20 గ్రాముల పైన చక్కెర మిగిలి ఉంది. అది పులిస్తే అయిదంతల గాలి, పాతదానితో కలిపి ఆరు. షాంపేన్ సీసాలు ఆ ఒత్తిడికి చేసినవి. బీరు సీసాలు కావు, వైన్ సీసాలు అసలే కావు. చూడ్డానికి అందంగా ఉండే చతురస్రపు గాజు సీసాలు అన్నిటికంటే ముందు పగులుతాయి. గాజు ముక్క కంట్లో పడితే ఎంత మంచి సైడరైనా ఒకటే.

అందుకని ప్రతి విడతలోనూ ఒక సీసాడు సైడర్‌ని సోడా అమ్మే ప్లాస్టిక్ సీసాలో నింపండి. కొంచెం నొక్కి గాలి తీసి మూత బిగించాలి. మిగతావాటితో పాటే 18 నుంచి 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే, లోపలి ఒత్తిడి వేలికే తెలుస్తుంది. మెత్తగా ఉంటే ఇంకో వారం. రాయిలా ఉంటే అన్నిటినీ చల్లగా పెట్టి, మొదట ప్లాస్టిక్ సీసా మూత మెల్లగా తిప్పి చూడండి. అది పొంగిపోతే గాజు సీసాలకి ముందు తువ్వాలు చుట్టి, తర్వాత వంచకుండా మూత కొద్దికొద్దిగా వదలాలి.

వంపేటప్పుడు సీసా మధ్యలో ఆపకుండా ఒకే ఊపున వంపి, అడుగున వేలెడు మడ్డి వదిలెయ్యండి. తీపి కావాలన్న వాళ్ళకి గ్లాసులో ముందు చెంచాడు పంచదార పాకం పోసి, తర్వాత సైడర్ పొయ్యండి. వరస మారిస్తే నురుగంతా బల్ల మీదే ఉంటుంది.